ట్రాన్స్‌ఫార్మర్‌ను తిట్టే ముందు ఫ్యూజు పెట్టె తెరిచి చూడండి

ఎండాకాలం వస్తే అనంతపురం పల్లెల్లో ఒకటే గోల: ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలింది, చీనీ (బత్తాయి) చెట్లు వాడిపోతున్నాయి. కొత్తది బిగించిన నెలకే అదీ కాలిపోతే, తప్పు ఇంకా ట్రాన్స్‌ఫార్మర్‌దేనా?

లెక్క చూద్దాం. 25 కేవీఏ (అది మోయగల లోడు కొలత) ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల వైపు ఫేజుకు 33 ఆంపియర్లే ఇవ్వగలదు. 5 హెచ్‌పీ మోటారు 7 నుంచి 7.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. నాలుగు మోటార్లతో సరి. నీళ్లు లోతుకు పోయాయని కాగితంలో 5 హెచ్‌పీ రాయించి, బోరులో ఏడున్నర హెచ్‌పీ మోటారు దింపుతున్నాం. ఆ లెక్క ఎవరు చెప్పాలి?

దీన్ని మించిన పాపం ఆటో స్టార్టర్‌ది. కరెంటు రాగానే నాలుగు మోటార్లూ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. నాలుగూ కలిస్తే 150 ఆంపియర్లు దాటిపోయె! వోల్టేజీ పడిపోతుంది, పడేసరికి మోటార్లు వేగం అందుకోలేక ఇంకాసేపు అలాగే లాగుతాయి. ఫ్యూజు పోతుంది. పోవాలి కూడా, దాని పనే అది. మనమేమో ఫ్యూజు తీగ బదులు అల్యూమినియం పోగులు మెలేసి చుడతాం. ఆ తర్వాత ఇక కరగాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగ చుట్టే.

కరెంటును దూరం పంపేటప్పుడు ఎంత జాగ్రత్తో! ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్ 15.75 కిలోవోల్టుల దగ్గర సుమారు 9,000 ఆంపియర్లు ఇస్తుంది. 220 కిలోవోల్టులకు పెంచితే అదే పవరు 650 ఆంపియర్లతో వెళ్తుంది. కరెంటు 14వ వంతుకు తగ్గితే తీగలో వేడి సుమారు 200వ వంతుకు తగ్గుతుంది. చేల మధ్యకే 11 కిలోవోల్టుల లైను తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టేదీ ఇందుకే. అక్కడిదాకా మిగిల్చిందంతా చివరి నాలుగు స్తంభాల్లో మనం తగలేస్తున్నాం.

చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఆటో స్టార్టర్ తీసేసి, ఒకరి తర్వాత ఒకరు నిమిషం ఎడంతో మోటార్లు వేసుకోండి. 5 హెచ్‌పీ మోటారుకు స్టార్టర్ తర్వాత 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ కడితే లైనులో కరెంటు ఆంపియరు పైనే తగ్గుతుంది. చాలామంది దాన్ని మీటరుకు అడ్డమనుకుని పీకేస్తారు, ఏం తెలివో! ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోయే గాలిలో తేమ పీల్చే బ్రీదర్‌లో నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే లైన్‌మన్‌కు చెప్పండి, తేమ ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం.

ఫ్యూజు మార్చడం లైన్‌మన్ పని. ఏబీ స్విచ్ (11 కిలోవోల్టుల లైను నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను విడదీసేది) కిందికి లాగినా మూడు బ్లేళ్లూ విడిపోయాయో లేదో కింది నుంచి కనబడాలి. ఒకటి అతుక్కుని ఉంటే ఆ ఫేజులో 11 కిలోవోల్టులు బతికే ఉంటాయి. విడిపోయినా, తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు తగిలించకుండా తీగ ముట్టకూడదు.

ఎర్త్ పిట్‌ను, అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ తీగ దిగే గుంతను, పట్టించుకునేవాడే లేడు. మన రాతి నేల ఎండితే ఎర్త్ పట్టదు. అప్పుడు న్యూట్రల్ కూడా తెగితే, అదే లైను మీదున్న ఇళ్లలోకి 230 బదులు 400 వోల్టుల దాకా వచ్చి టీవీలు కాలతాయి. బొగ్గు, ఉప్పు వేసిన ఆ గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయడానికి ఏ ఆఫీసు పర్మిషనూ అక్కర్లేదు.