ఎర్రమట్టి దిబ్బలకు కంచె ఒక్కటే చాలదు

వైజాగ్ వచ్చిన చుట్టాలను ఆర్కే బీచ్, కైలాసగిరి తిప్పి, టైమ్ మిగిలితే భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర కారాపి నాలుగు ఫొటోలు తీయించి పంపేస్తాం. 2025లో తిరుమల కొండలతో పాటు ఈ దిబ్బలు కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి, కాబట్టి జనం ఇంకా పెరుగుతారు. పెరగాలి కూడా. కానీ ఇప్పుడు చూస్తున్న తీరులోనే చూస్తే మాత్రం నాకు భయమే.

అది కొండ కాదు, ఇసుక. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలికి కొట్టుకొచ్చి వేల ఏళ్లపాటు పేరుకుంది, అందులోని ఇనుము ఆక్సీకరణ చెంది ఎరుపెక్కింది, ఆ తర్వాత వాన నీళ్లు కోసుకుంటూ పోయి ఆ లోతైన గెడ్డలు, అంటే వాగు దారులు, చేశాయి. రేణువులు గట్టిగా అతుక్కుని లేవు. ప్రీ వెడ్డింగ్ షూట్ కోసం అంచు మీదికెక్కి గెంతితే పెళ్లలు పెళ్లలుగా జారిపోతుంది, జారింది మళ్లీ పైకి చేరదు. కింద గెడ్డలో నడిస్తే చాలు, అసలు అందం అక్కడి నుంచే కనిపిస్తుంది.

సందర్శకుల కంటే పెద్ద సమస్య పైవైపు ఉంది. ఆ ఆకారాన్ని చెక్కేది వాన నీరు కాబట్టి ఎగువన నేల చదును చేసినా, రోడ్డు వేసినా నీటి దారి మారిపోతుంది, కంచె లోపల ఎవరూ చెయ్యి పెట్టకపోయినా దిబ్బ పాడవుతుంది.

దారిలోనే ఉన్న తొట్లకొండ ఎక్కి చూడండి, నీటి విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడిన ఈ బౌద్ధ ఆరామంలో 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. రాతిలో తొలిచిన తొట్లలో వాన నీళ్లు పట్టుకుని భిక్షువులు ఆ కొండ మీద బతికారు. 2019లో భారీ వానలకు అక్కడి మహాస్తూపమే దెబ్బతింది, తర్వాత బాగుచేశారు.

అందుకే దగ్గర్లోని మరో బౌద్ధ ఆరామం బావికొండ, తొట్లకొండ, దిబ్బలు వేర్వేరు స్పాట్లు అనుకోవద్దని నా వాదన. పొద్దున్నే బయల్దేరి, నీళ్ల సీసా పట్టుకుని, ఒక రోజంతా వాటికే ఇవ్వండి. అధికారులు మాత్రం పబ్లిసిటీ బోర్డుల కంటే ముందు రెండు పనులు చేయాలి: గెడ్డల్లో నడక దారికి గుర్తులు పెట్టడం, దిబ్బలకు నీరొచ్చే ఎగువ నేలను కూడా మాస్టర్ ప్లాన్‌లో కట్టడాలు నిషేధించిన ప్రాంతంగా చూపడం.