క్యాన్సర్ వస్తే గర్భసంచి తీసేయడమే మార్గమా? ఒక ప్రచారానికి ఖండన

ఆడవారికి వచ్చే క్యాన్సర్ల గురించి తెలుగులో చేతులు మారుతున్న ఒక సందేశం చెప్పే మాటలు క్లుప్తంగా ఇవి. గర్భాశయానికి, దాని ముఖద్వారానికి, అండాశయానికి, ఎక్కడ క్యాన్సర్ వచ్చినా గర్భసంచి తీయించుకోవడం తప్ప గత్యంతరం లేదు. పిల్లల కోసం అండాలు దాచుకోవాలని ఆగితే జబ్బు ముదురుతుంది, అండాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లే క్యాన్సర్‌ను పెంచుతాయి. రోబోతో ఆపరేషన్ చేయిస్తే ఏ భయమూ ఉండదు. కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నాక తల్లి కావడం కల్ల. పెళ్లికాని అమ్మాయికి ఈ దారులేవీ లేవు. వీటిలో కొన్ని పూర్తిగా తప్పు, మరికొన్నిటిలో నిజం కొంత ఉన్నా మిగతాది భయమే.

మొదటి మాట తప్పని దాదాపు నలభై ఏళ్ల క్రితమే తేలిపోయింది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో డానియెల్ దార్జాన్ అనే శస్త్రవైద్యుడు 1980ల ద్వితీయార్ధంలో, ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో ఉన్న యువతులకు గర్భసంచిని ఉంచి ముఖద్వారాన్నీ, దాని చుట్టూ ఉన్న కణజాలాన్నీ మాత్రమే తీసే పద్ధతిని మొదలుపెట్టి, 1994లో ఆ అనుభవాన్ని ప్రకటించారు. దీన్నే ట్రాకెలెక్టమీ అంటారు. ఇందులో ముందుగా పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులకు జబ్బు పాకలేదని చూసుకుంటారు. ముఖద్వారాన్ని కోసిన తరువాత, పేషెంటు ఇంకా మత్తులో ఉండగానే పై అంచును పరీక్షకు పంపి, అక్కడ క్యాన్సర్ కణాలు లేవని తెలిశాకే గర్భసంచిని ఉంచుతారు. మిగిలిన భాగం చుట్టూ కరగని గట్టి దారంతో కుట్టు వేసి, దాన్ని యోనికి తిరిగి కలుపుతారు. గర్భం వచ్చినప్పుడు ముఖద్వారం మోయవలసిన బరువును ఆ కుట్టు మోస్తుంది, కాన్పు మాత్రం సిజేరియన్‌తోనే జరగాలి. మధ్య నెలల్లో గర్భం పోవడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం వీరిలో ఎక్కువన్న సంగతినీ పేషెంటుకు ముందే చెప్పి తీరాలి.

ఇది అందరికీ వర్తించదు. సాధారణంగా కణితి రెండు సెంటీమీటర్ల లోపు ఉండాలి, లింఫ్ గ్రంథులు శుభ్రంగా ఉండాలి, న్యూరోఎండోక్రైన్ వంటి మొండి రకం కాకూడదు. ఈ రెండు సెంటీమీటర్ల గీత ఎంత ముఖ్యమైనదంటే, 2018లో స్త్రీవైద్య, ప్రసూతి నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య ఫీగో ముఖద్వార క్యాన్సర్ దశలను సవరించినప్పుడు దానికి దశల విభజనలోనే చోటిచ్చింది. కెనడాలోని క్యుబెక్‌కు చెందిన శస్త్రవైద్యురాలు మరీ ప్లాంట్ నాయకత్వంలో జరిగి 2024లో వెలువడిన షేప్ పరిశోధన గర్భసంచి తీసేసిన వారి గురించే అయినా, దాని ఫలితం ఇక్కడ పనికొస్తుంది. ముప్పు తక్కువగా ఉన్న 700 మందిలో చుట్టుపక్కల కణజాలమంతా తీసే పెద్ద ఆపరేషన్ తరువాత మూడేళ్లలో పొత్తికడుపులో జబ్బు తిరగబెట్టింది 2.2 శాతం మందికి, మామూలు ఆపరేషన్ తరువాత 2.5 శాతం మందికి. తొలిదశలో ఎక్కువ కోస్తేనే ఎక్కువ భద్రమన్న నమ్మకానికి ఇక్కడ ఆధారం దొరకలేదు.

గర్భాశయం లోపలి పొరకు తొలిదశలో వచ్చే మెతక రకానికి ప్రొజెస్టిన్ అనే హార్మోన్ మాత్రలు గానీ హార్మోన్ లూప్ గానీ ఇచ్చి, కొద్ది నెలలకోసారి బయాప్సీ చేస్తూ గమనించే వైద్యం ఉంది. 2012లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారం ఇలాంటి వారిలో సుమారు 76 శాతం మందికి జబ్బు తగ్గింది, కానీ దాదాపు 40 శాతం మందికి తిరగబెట్టింది. కాబట్టి ఇది గర్భం కోసం దొరికే గడువు మాత్రమే, కాన్పులు అయ్యాక గర్భసంచి తీయించుకోమనే డాక్టర్లు సలహా ఇస్తారు. అండాశయ క్యాన్సర్‌లో, ముఖ్యంగా అండాలుగా మారే కణాల్లో పుట్టి చిన్న వయసు వారికి వచ్చే జెర్మ్ సెల్ రకంలో, జబ్బున్న ఒక్క అండాశయాన్ని తీసి, అవసరమైతే కీమో ఇచ్చి, రెండో అండాశయాన్నీ గర్భసంచినీ కాపాడడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే.

ఈ మొదటి మాట మన దగ్గర ఇంత సులువుగా చెల్లుబాటు కావడానికి ఒక కారణముంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్టకో, ఎక్కువ రక్తస్రావానికో ఆసుపత్రికి వెళ్లిన మనిషిని రేపు క్యాన్సర్ అవుతుందని భయపెట్టి గర్భసంచి తీసేసిన సందర్భాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఆ భయానికి ఈ సందేశం ఇంకా ఆజ్యం పోస్తోంది. అందుకే దీనికి సమాధానం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అండాలు దాచే విషయానికి వస్తే, నెలసరి కోసం ఎదురుచూడకుండా ఇంజెక్షన్లు ఏ రోజైనా మొదలుపెట్టి పది నుంచి పద్నాలుగు రోజుల్లో ముగించవచ్చు. చాలామందిలో స్కానింగులు, ఇతర పరీక్షలు పూర్తయ్యేలోగా ఈ పనీ అయిపోతుంది. ఆ ఇంజెక్షన్ల వల్ల ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగితే ముప్పు ఉన్నవారికి, దాన్ని అదుపులో ఉంచే లెట్రోజోల్ అనే మందు కలిపి ఇస్తారు. సందేశంలో ఉండవలసిన అసలు జాగ్రత్త మాత్రం అందులో లేదు. ముఖద్వారంలో కణితి ఉన్నప్పుడు అండాలు తీయడానికి యోని మార్గంలో సూది పంపితే రక్తస్రావం కావచ్చు. అండాశయంలోనే క్యాన్సర్ అనుమానం ఉంటే దానికి సూది గుచ్చకూడదు. ఈ నిర్ణయం క్యాన్సర్ సర్జన్, సంతాన వైద్యులు కలిసి కూర్చుని తీసుకోవలసినది.

రోబో గురించిన మాట వినడానికి ఆధునికంగా ఉంటుంది గానీ, దాన్ని పరీక్షించినవారు శస్త్రవైద్యులే. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రానికి చెందిన పెడ్రో రామిరెజ్ నాయకత్వంలో 631 మందితో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, తొలిదశ ముఖద్వార క్యాన్సర్‌కు పొట్ట కోసి గర్భసంచి తీసినవారిలో నాలుగున్నరేళ్లకు 96.5 శాతం మంది జబ్బు లేకుండా ఉంటే, ల్యాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా) గానీ రోబోతో గానీ చేయించుకున్నవారిలో 86 శాతం మందే ఉన్నారు. చిన్న కోత, తొందరగా ఇంటికి వెళ్లడం మంచివే. అయినా ఈ క్యాన్సర్‌లో ఆ సుఖానికి చెల్లించే మూల్యం ప్రాణమే కావచ్చునని తెలిశాక ప్రపంచమంతటా వైద్య మార్గదర్శకాలు మారాయి. రోబో వద్దని నా అభిప్రాయం కాదు. గర్భాశయం లోపలి పొర క్యాన్సర్‌లో చిన్న కోత ఆపరేషన్ భద్రమని తేలింది. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుతో, జబ్బు పాకితే ముందుగా చేరే లింఫ్ గ్రంథిని పట్టుకునే పద్ధతి వల్ల అనవసరంగా గ్రంథులన్నీ తీసే పని తగ్గుతోంది. ఏ పరికరమైనా ఏ జబ్బుకు, ఏ దశలో అన్నది తేలాకే దాని గురించి మాట్లాడాలి.

కరెంటు పెట్టించుకున్నాక, అంటే రేడియేషన్ తరువాత, సంగతి నిజంగానే కష్టం. పొత్తికడుపుకు పూర్తి మోతాదు ఇస్తే గర్భసంచి, అండాశయాలు రెండూ దెబ్బతింటాయి. అయితే రేడియేషన్‌కు ముందే అండాశయాలను పైకి జరిపి కుట్టడం పాత పద్ధతే. బ్రెజిల్‌లోని కురిటీబాలో రెయితాన్ రిబేయిరో అనే క్యాన్సర్ సర్జన్ మరో అడుగు వేసి, మలద్వారం దగ్గర క్యాన్సర్ ఉన్న ఒక యువతి గర్భసంచిని కూడా రేడియేషన్ తగలని పైభాగానికి జరిపి, చికిత్స ముగిశాక మళ్లీ కిందికి దించిన తీరును 2017లో ప్రచురించారు. ఇది ఇంకా కొద్దిచోట్లే జరుగుతోంది, గర్భసంచిలోనే జబ్బు ఉన్నవారికి పనికిరాదు.

పెళ్లికాని అమ్మాయికి దారి లేదన్నది చట్టానికే విరుద్ధం. ఐవీఎఫ్, అండాలు దాచడం వంటి సేవలకు సంబంధించిన 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం 21 ఏళ్లు దాటిన స్త్రీ ఒంటరిగానైనా ఈ సేవలు కోరవచ్చని చెబుతుంది. అదే ఏడాది వచ్చిన సరోగసీ (అద్దె గర్భం) చట్టం మాత్రం పెళ్లికాని స్త్రీకి అవకాశం ఇవ్వలేదు, దంపతులతో పాటు వితంతువులకు, విడాకులు పొందినవారికే ఇచ్చింది. గర్భసంచి కోల్పోయిన అమ్మాయి పెళ్లయ్యాక ఆ దారిన వెళ్లదలిస్తే, చికిత్స మొదలుకాక ముందు దాచిన అండాలే అప్పుడు ఆమెకు అక్కరకొస్తాయి. కాబట్టి కీమో తేదీ రాసేలోపే ఆ మాటను డాక్టరు ఎత్తకపోతే, వెంట వచ్చిన తల్లో, అక్కో అడగాలి.