లక్ష్మణఫలం కషాయం కోసం ఆగిన సూది పరీక్ష

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల నుంచి ఒకే సందేశం ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. లక్ష్మణఫలం ఆకుల కషాయం రొమ్ము కేన్సర్ కణాలను చంపుతుందట, కీమో కంటే పదివేల రెట్లు బలమైనదట, ఏ దుష్ప్రభావమూ లేదట, మందుల కంపెనీలు దీన్ని దాచిపెట్టాయట. గడ్డకు సూది తగిలితే కేన్సర్ ఒళ్లంతా పాకుతుంది కాబట్టి మూడు నెలలు కషాయమే తాగాలట. మా వీధిలో ఒక పిన్ని ఇది చదివి, డాక్టరు రాసిన సూది పరీక్షను (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీని) రెండు నెలలుగా వాయిదా వేస్తోంది.

కణాలు చావడం నిజమే, కాని అవి ప్రయోగశాల పళ్లెంలో పెంచిన కణాలు. ఇలాంటి ప్రయోగాల్లో తరచుగా వాడే ఎంసీఎఫ్-7 కణాలు 1970లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక రోగి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీసినవాటి సంతతి. ఆ పళ్లేనికి పొట్ట లేదు, కాలేయం లేదు. ఆకు సారాన్ని నేరుగా కణాల మీదే పోస్తారు. చిక్కటి ఉప్పునీళ్లు పోసినా అవి చస్తాయి.

పదివేల రెట్ల మాట 1996 నాటి ఒక పరిశోధనలోది. అందులో ఆ ఫలితం వచ్చింది ఆకుకు కాదు, గింజల నుంచి వేరుచేసిన ఒకే ఒక రసాయనానికి. ఆ ఫలితం చూపిన కణాలు రొమ్మువి కావు, పెద్దపేగువి.

కంపెనీలు దాచాయనడం అర్థం లేని మాట. యూ అనే చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ అనే కీమో మందును 1994 నుంచి రొమ్ము కేన్సర్‌కు అమ్ముతున్నది కంపెనీలే. దుష్ప్రభావాల సంగతికి వస్తే, ఈ పండునూ ఆకు టీనీ విరివిగా వాడే కరీబియన్ దీవి గ్వాడలూప్‌లో పార్కిన్సన్స్‌ను పోలిన నరాల జబ్బుకూ ఈ వాడకానికీ సంబంధం ఉన్నట్టు 1999లోనే పరిశోధకులు గమనించారు.

ఇక సూది. ఈ ఒక్క అబద్ధాన్ని నేను క్షమించలేను. సూది దారిలో కొన్ని కణాలు జారినా, వాటి వల్ల జబ్బు పాకడం చాలా అరుదు. ఆ పరీక్ష లేకుండా మాత్రం గడ్డ కేన్సరో కాదో, అయితే హార్మోన్ మందుకు లొంగుతుందో, హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న రకమో తేలదు, ఏ మందు ఇవ్వాలో తెలియదు. అమెరికాలో 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం, జబ్బు ఇతర భాగాలకు పాకకముందే మామూలు చికిత్స మాని ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న రొమ్ము కేన్సర్ రోగుల్లో చావు ముప్పు, చికిత్స తీసుకున్నవారి కంటే సుమారు 5.7 రెట్లు ఎక్కువ. మూడు నెలలు ఆగమని రాసినవాళ్లు ఆ మూడు నెలలు ఎవరి ప్రాణంలోంచి తీస్తున్నారో ఆలోచించారా? ముందుకు పంపిన మీరు ఆలోచించారా?

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆసుపత్రిలో పిన్నికి ఒడియాలో నాలుగు ముక్కలు చెప్పి కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఈ సందేశం ఆమెతో తెలుగులో, ఓపికగా, పేరుపెట్టి పిలిచినంత ఆప్యాయంగా మాట్లాడింది. ఆ పని మనలో ఒకరం ముందే చేసి ఉంటే ఆమె ఆ కషాయం కాచుకునేది కాదు. సోమవారం గుణుపురం రైల్లో ఆమెను విశాఖకు తీసుకెళ్తున్నాను. పరీక్ష ఎందుకో, ఎలా చేస్తారో దారిపొడవునా తెలుగులోనే చెబుతాను.