పారిస్ చూడ్డానికొచ్చినవాళ్ళని బోయెర్‌కి కూడా తీసుకెళ్దాం

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే మనందరం తిప్పే పారిస్ ఒకటే. ఐఫిల్ టవర్, లూవ్ర్, సేన్ నదిలో పడవ, ఒక రోజు వెర్సాయ్, పిల్లలుంటే డిస్నీలాండ్. ఇంట్లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రాడుంటే పి.ఎస్.జి. జట్టు స్టేడియం పార్క్ దె ప్రాన్స్ ముందు నిలబెట్టి ఒక ఫోటో. ఇందులో తప్పేం లేదు, నేనూ తిప్పాను. కానీ ఈ లిస్టులో ఇంకొకటి చేరాలి. అంతకంటే ముందు ఇక్కడి మన తెలుగు సంఘమే ఏడాదికోసారి కుటుంబాలన్నిటినీ కలుపుకుని అక్కడికి వెళ్ళాలి. ఆ చోటు పారిస్‌ని ఆనుకునే ఉన్న సాంత్వాన్ ఊళ్ళోని బోయెర్ స్టేడియం, రెడ్ స్టార్ ఫుట్‌బాల్ క్లబ్ సొంత మైదానం.

దూరం అనడానికి లేదు. కరివేపాకు, మునక్కాడల కోసం మనం నెలకోసారైనా లా షపెల్ వెళ్తూనే ఉంటాం. అక్కడికి రెండడుగుల్లో ఉన్న గార్ దు నోర్‌లో 4వ లైను మెట్రో ఎక్కి, పోర్త్ ద క్లిన్యాంకూర్‌లో దిగి, పాత సామాన్ల సంత పక్కనుంచి నడుచుకుంటూ వెళ్తే డాక్టర్ బోయెర్ వీధి వస్తుంది. 13, 14 లైన్లలో వచ్చేవాళ్ళు మెరీ ద సాంత్వాన్‌లో దిగొచ్చు. సమస్య దారిలో లేదు, మన మనసులో ఉంది. కొత్తగా వచ్చిన విద్యార్థి ఇల్లు వెతుక్కుంటుంటే మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మొదటి సలహా ఏమిటి? "93 వైపు మాత్రం తీసుకోకు." 93 అంటే సెన్ సాన్ దెనీ జిల్లా, సాంత్వాన్ అందులోదే. ఎప్పుడూ కాలు పెట్టని ఊళ్ళ గురించి మనం ఇంత గట్టిగా ఎలా చెప్పేస్తున్నామో నాకర్థం కాదు. మనల్ని చూసి ఎవరైనా ఇలాగే అంటే ఎంత బాధపడతాం!

రెడ్ స్టార్ చిన్న క్లబ్బు కాదు. 1897లో దీన్ని పెట్టినవాళ్ళలో ముఖ్యుడు జూల్ రిమే. తర్వాత ఆయనే ఫిఫా అధ్యక్షుడయ్యారు, 1930లో మొదటి వరల్డ్ కప్ జరిగిందంటే ఆయన పట్టుదలే కారణం. చాలాకాలం ఆ కప్పుకి ఆయన పేరే ఉండేది. ఈ స్టేడియం 1909లో కట్టింది. 1924 పారిస్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు కొన్ని ఇక్కడ జరిగాయి. రెడ్ స్టార్ ఫ్రెంచ్ కప్ ఐదుసార్లు గెలిచింది, అందులో 1921 నుంచి 1923 దాకా వరుసగా మూడుసార్లు. ఆ తర్వాత మెల్లగా దిగజారింది. 1975లో మొదటి డివిజన్ పోయింది, 2003లో అప్పుల్లో మునిగి అమెచ్యూర్ లీగుల దాకా వెళ్ళింది. అయినా జనం రావడం మానలేదు. నన్ను పట్టుకున్నది ఆ కప్పులకన్నా ఈ జనమే.

ఆ జనం ఎవరిని తలుచుకుంటారో చెప్పాలి. స్టేడియంలో ఒక స్టాండ్‌కి రీనో డెల్లా నెగ్రా అని పేరు. ఇటలీ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబంలో 1923లో పుట్టాడు, ఆర్జాంతయ్‌లో పెరిగాడు, చిన్న వయసులోనే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆట అద్భుతంగా ఆడేవాడు. 1943లో, నాజీల ఆక్రమణ కాలంలో, జర్మనీ ఫ్యాక్టరీల్లో పనిచేయడానికి వెళ్ళమని ఫ్రెంచ్ కుర్రాళ్ళకి హుకుం వచ్చింది. రీనో వెళ్ళలేదు. అజ్ఞాతంలోకి వెళ్ళి, వలస కార్మికులతో ఏర్పడిన సాయుధ దళంలో చేరాడు. అర్మేనియన్ అయిన మిసాక్ మనూషియన్ నడిపిన దళం అది. పోలండ్ యూదులు, హంగేరియన్లు, ఇటాలియన్లు, స్పానిష్‌వాళ్ళు అందులో ఉన్నారు. ఒకపక్క ప్రాణాలకు తెగించి ఆ పని చేస్తూనే రీనో రెడ్ స్టార్ తరఫున ఆడాడు. నవంబరులో ఒక దాడిలో గాయపడి దొరికిపోయాడు. 1944 ఫిబ్రవరి 21న మోన్ వలేరియన్ కోటలో తోటివాళ్ళతో పాటు అతన్నీ కాల్చి చంపారు. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్ళు. తమ్ముడికి రాసిన ఆఖరి ఉత్తరంలో రెడ్ స్టార్ వాళ్ళందరికీ తన నమస్కారం, వీడ్కోలు చెప్పమని రాశాడు.

ఆ కబురు ఇవాళ్టికీ అందుతూనే ఉంది. మ్యాచ్ రోజు ఆకుపచ్చ, తెలుపు కండువాలు మెడలో వేసుకున్న కుర్రాళ్ళు రీనో బొమ్మ ఉన్న జెండా ఎత్తి పట్టుకుంటారు. వాళ్ళలో సగం మంది తాతలు అల్జీరియా నుంచో, మాలి నుంచో, పోర్చుగల్ నుంచో వచ్చినవాళ్ళై ఉంటారు. 2024 ఫిబ్రవరి 21న మనూషియన్‌నీ ఆయన భార్య మెలీనేనీ పాంతెయోన్‌కి తీసుకెళ్ళి, దేశం గొప్పవాళ్ళ పక్కన చోటిచ్చారు. మనలో చాలామంది ఆ కార్యక్రమం టీవీలో చూసే ఉంటారు. ఫ్రాన్స్ ప్రభుత్వం అంత పెద్దఎత్తున గుర్తుచేసుకోకముందే, ఏళ్ళ తరబడి ఈ స్టేడియం ఫ్యాన్సు ఆ పని చేస్తూ వచ్చారు.

స్టేడియం పేరు సంగతీ అంతే. అసలు పేరు స్టాద్ ద పారీ. జనం మాత్రం వీధి పేరుతో బోయెర్ అనే పిలుస్తారు. ఆ డాక్టర్ బోయెర్ సాంత్వాన్‌లో వైద్యం చేసిన కమ్యూనిస్టు, నాజీలను ఎదిరించిన ప్రతిఘటన ఉద్యమంలో పనిచేసి 1942 మేలో అదే మోన్ వలేరియన్‌లో తూటాలకు బలైనవాడు.

పోయినేడాది సికింద్రాబాద్ నుంచి మా బాబాయ్ వస్తే ఇక్కడికి తీసుకెళ్ళాను. రైల్వేలో చేసి రిటైరయ్యాడు, చిన్నప్పట్నుంచీ ఫతే మైదాన్‌లో, జింఖానాలో మ్యాచ్‌లు చూస్తూ పెరిగాడు. బయట పెనం మీద మెర్గెజ్ సాసేజీలు కాలుతుంటే ఆ పొగలోంచే లోపలికి నడిచాం. స్టాండ్లో కూర్చోబోతే పక్కన ఒక పెద్దాయన జరిగి చోటిచ్చి, ఇద్దరికీ ఒక్క మాటా అర్థం కాకపోయినా మ్యాచ్ అయ్యేదాకా బాబాయ్‌తో మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక పక్క కొత్త స్టాండ్, ఇంకో పక్క కట్టడం పనులు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, బాల్కనీల్లో నిలబడి ఆట చూస్తున్న మనుషులు. బాబాయ్ అంతా ఒకసారి కలయజూసి, "ఒరేయ్, ఇది మన జింఖానా లెక్కనే ఉందిరా. ఇక్కడ జనం ఇంకా వస్తున్నరు, అంతే తేడా" అన్నాడు.

హాఫ్ టైంలో మా అమ్మాయి, "తాతా, ఇండియా కూడా ఫుట్‌బాల్ ఆడుతుందా?" అని అడిగింది. ఇక బాబాయ్‌ని ఆపడం ఎవరి తరం! 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ని ఇండియా 1-1తో నిలువరించిన సంగతి చెప్పాడు. మన గోల్ పి.కె. బెనర్జీది. ఆ టీమ్ కోచ్ హైదరాబాదీ, స్కూల్ టీచర్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరామ్ మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టినవాడే. ఈ దేశంలో పుట్టిన నా కూతురు హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ మొదటిసారి విన్నది సాంత్వాన్ స్టాండ్లో కూర్చుని. ఇంట్లో నేనెప్పుడూ చెప్పలేదు. ఆ వాతావరణం లేకపోతే బాబాయ్‌కీ అంత హుషారుగా గుర్తొచ్చేది కాదేమో.

స్టేడియం మారుతున్న తీరు గురించీ నా అభిప్రాయం చెప్పాలి. 2015లో రెడ్ స్టార్ రెండో డివిజన్‌కి ఎక్కితే, బోయెర్ లీగ్ నిబంధనలకు సరిపోదన్నారు. సొంత ఊరి మ్యాచ్ చూడ్డానికి జనం దాదాపు డెబ్భై కిలోమీటర్ల దూరంలోని బోవే దాకా వెళ్ళాల్సొచ్చింది. క్లబ్బుని ఇంకెక్కడికైనా మార్చేద్దామన్న మాటలు వచ్చిన ప్రతిసారీ ఫ్యాన్సు సంఘాలు పెట్టుకుని, ఊరేగింపులు తీసి, మేయర్ల వెంటపడి బోయెర్‌ని కాపాడుకున్నారు. చివరికి నగరపాలక సంస్థ 2021లో స్టేడియాన్ని ఒక ప్రైవేటు కంపెనీకి అమ్మింది. దాదాపు పదివేలమంది పట్టేలా కొత్త స్టాండ్లు, పక్కనే వ్యాపార సముదాయం కట్టడం మొదలైంది. పాత స్టాండ్లు శిథిలమయ్యాయి, వాటిని అలాగే ఉంచాలనడం పిల్లల భద్రతతో ఆడుకోవడమే. కాబట్టి కొత్తవి కట్టడాన్ని నేను సమర్థిస్తాను. కానీ ఊరి ఆస్తిని అమ్మేయకుండా ఆ పని చేసి ఉండాల్సింది. ఇక ముందు టికెట్ ధర పెరిగి ఈ వీధిలో ఉండే కుటుంబమే లోపలికి రాలేని రోజు వస్తే మాత్రం, కొత్త కుర్చీలు ఎంత బాగుంటే ఏం లాభం? ఫ్యాన్సు భయం కూడా అదే, ఆ భయంలో న్యాయముంది. 2024లో క్లబ్ మళ్ళీ రెండో డివిజన్‌కి వచ్చినప్పుడు బోయెర్‌లోనే ఆడగలిగిందంటే, ఇన్నేళ్ళు పట్టువదలని ఆ మామూలు మనుషుల పుణ్యమే.

మనం ఇక్కడ ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నా మనకు తెలిసిన ఫ్రెంచ్‌వాళ్ళంటే ఆఫీసువాళ్ళు, స్కూలు గేటు దగ్గర పలకరించేవాళ్ళు, అంతే. సంక్రాంతికి, ఉగాదికి, దీపావళికి హాలు అద్దెకు తీసుకుంటాం, మన పాటలు, మన భోజనం, మన ఫోటోలు. అవి ఉండాల్సిందే, పిల్లలకు తెలుగు వినిపించే రోజులవి. అయితే ఆ హాలున్న ఊరి కథేమిటో మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? వలస వచ్చినవాళ్ళ పిల్లలు ఈ దేశం కోసం ఏం చేశారో, ఈ దేశం వాళ్ళని ఎక్కడ ఎలా గుర్తుపెట్టుకుందో చెప్పడానికి బోయెర్‌ని మించిన చోటు నాకు తెలియదు. స్కూల్లో "నువ్వు ఎక్కడిదానివి?" అన్న ప్రశ్న ఎదుర్కొనే పిల్లలకు రీనో కథ తెలియాలి.

చలి అంటారా, వసంతంలో వెళ్దాం. ఆట అర్థం కాదంటారా, పిల్లలే నేర్పిస్తారు. రెండో డివిజన్‌లో చాలా మ్యాచ్‌లు శుక్రవారం రాత్రి ఉంటాయి, మర్నాడు స్కూలుండదు. నా ప్రతిపాదన ఇది: వచ్చే కార్యవర్గ సమావేశంలో బోయెర్ మ్యాచ్‌ని మన వార్షిక కార్యక్రమాల పట్టికలో చేర్చాలి, పేర్లు ముందే తీసుకుని టికెట్లు ఒకేచోట బుక్ చేయాలి. అప్పుడు ఇండియా నుంచి ఎవరి ఇంటికి పెద్దవాళ్ళు వచ్చి ఉన్నా వాళ్ళనీ తీసుకురావాలి. టికెట్ల పని, మ్యాచ్‌కి ముందు పిల్లలకు స్టేడియం చుట్టూ తిప్పి రీనో గురించి, రహీం సాబ్ గురించి చెప్పే పని నాకు అప్పగించండి.