బడి మరుగుదొడ్డి తాళంగారికి

అయ్యా తాళంగారూ,

నమస్కారాలు. ఇవాళ ఫిబ్రవరి 10, జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం. అన్నాలయ్యాక మీ ఎదురుగానే వరండాలో పిల్లలందరికీ కడుపులో పురుగుల మందు, ఆల్బెండజోల్ వేశారు. 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, టీచరు కళ్లముందే నమిలి మింగాలి. అంగన్‌వాడీలో రెండేళ్లు నిండని బుడతలకి అర మాత్ర, పొడిచేసి నీళ్లలో కలిపి. జ్వరమున్నవాళ్లకీ, బడికి రానివాళ్లకీ 17న. అంతా సవ్యంగా జరిగింది. కదలనిది తమరొక్కరే.

మాత్ర కడుపులో ఉన్న పురుగు సంగతి చూస్తుంది. రేపు నోట్లోకి రాబోయే పురుగు గుడ్డు సంగతి చూడాల్సింది తమరి వెనకున్న గది. అది తెరుచుకోదు గనక పిల్లలు ప్రహరీ అవతల తుమ్మచెట్ల చాటుకి పోతారు. పేగులో ఉండే ఏలికపాము అనే పురుగులో ఆడది రోజుకి రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది, అవి మలంతో నేలపాలవుతాయి. తడినేలలో రెండు మూడు వారాలకి అవి ముదిరి, గోళ్ల సందుల్లో దూరి, ముద్దతో పాటు లోపలికెళ్తాయి. మరో రెండు మూడు నెలలకి కొత్త పాము గుడ్లు మొదలెడుతుంది. తర్వాతి మాత్ర ఆగస్టు 10న! కొంకిపురుగుకైతే నోటితో కూడా పనిలేదు. వట్టికాలు మోపితే చాలు, చర్మంలోంచి దూరి పేగు పట్టుకుని రక్తం తాగుతుంది. వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర ఎవర్ని పోషిస్తోందో మరి.

పనిలో పనిగా, ఈ దినానికి నులిపురుగుల పేరు పెట్టినవారికీ ఓ దండం. నులిపురుగు మట్టిలోంచి వచ్చే రకమే కాదు. చేతుల మీదుగా, పక్కబట్టల మీదుగా పాకుతుంది. అది పోవాలంటే రెండు వారాలకి రెండో మాత్ర పడాలి, అదీ ఇంటిల్లిపాదికీ. పేగులో ఉండే మరో రకం, కొరడాపురుగు, ఒక్క మాత్రకి సరిగా లొంగదు. మాత్రని జేబులో పెట్టి ఇంటికి పంపే బడులకి ఇంకో దండం.

తమరి వాదన తెలుసు. తెరిస్తే పాడుచేస్తారు, కడిగే మనిషి లేదు, ట్యాంకుకి నీళ్లెక్కవు. మరి తనిఖీ రోజున ఎలా తెరుచుకున్నావయ్యా? ఆ పూట నీళ్లెలా ఎక్కాయి? సబ్బుబిళ్ల ఎక్కణ్ణుంచి ఊడిపడింది? తళతళలాడే పలకలు వచ్చినవాళ్లకి చూపించి, సాయంత్రానికి మళ్లీ నోరు మూసుకున్నావు. ఆరో తరగతి ఆడపిల్ల పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టదు, నీ మూలాన.

17న మళ్లీ మాత్రలు వేస్తారు. ఆలోగా చెవి దొరక్కపోతే బెంగపడకు, వేపచెట్టు కింద మంచి రాయి ఒకటి చూసిపెట్టాం.