చర్మం రంగు మార్చినంత మాత్రాన కొత్త జాతి పుట్టదు

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతోనే కథ నడిపించే రోల్‌ప్లేయింగ్ ఆటల కోసం సొంతంగా కొత్త జాతులను తయారుచేయాలన్న ఉత్సాహం మన తిరుపతి, చిత్తూరు మిత్రుల్లో పెరుగుతున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే నా చేతికి వస్తున్న ఆ రాతల్లో ఒక విషయం నన్ను పదే పదే బాధపెడుతోంది. నీలి చర్మం, నాలుగు చేతులు, నుదుటి మీద మూడో కన్ను, వెన్ను వెంట ముళ్లు అంటూ రెండు పేజీల రూపవర్ణన ఉంటుంది; దాని కింద బలానికి రెండు పాయింట్లు, చీకట్లో చూపు అరవై అడుగులు అని ఉంటుంది; ఆట మొదలైన కాసేపటికే ఆ నాలుగు చేతుల జీవి సత్రంలో కూర్చుని మనలాగే బేరమాడుతూ, మనలాగే అలుగుతూ, మనలాగే కునుకు తీస్తూ కనిపిస్తుంది. ఒళ్లు మారింది గానీ ఆ ఒంట్లో ఉన్నవాడు మారలేదు. ఒక జాతి పరాయిదిగా తోచాలంటే దాని శరీరం, దాని అవసరం, దాని బంధుత్వం కలిసి ఆటగాడి చేత మామూలుగా తాను తీసుకోని నిర్ణయాలు తీసుకునేలా చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. రూపం ఆ తర్వాత సంగతి.

ఈ అలవాటు మనతో మొదలైనది కాదు. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆటను తెచ్చినప్పుడు మనిషితో పాటు అందులో ఉన్నవి కోసు చెవుల ఎల్ఫ్, పొట్టిగా దృఢంగా ఉండే డ్వార్ఫ్, ఇంకా చిన్న ఆకారపు హాబిట్ జాతులే. బలహీనంగా మొదలై క్రమంగా ఎదగడానికి ఒప్పుకుంటే ఆటగాడు దాదాపు ఏ జీవిగానైనా, కావాలంటే చిన్న వయసు డ్రాగన్‌గానైనా ఆడవచ్చని ఆ తొలి పుస్తకాలే అనుమతి ఇచ్చాయి. ఆ తలుపు తెరిచే ఉన్నా లోపలికి వెళ్లినవారు తక్కువ. నలభై ఏళ్ల తర్వాత 2014లో అదే ఆటకు వచ్చిన ఆటగాళ్ల పుస్తకంలో తొమ్మిది జాతులుంటే వాటిలో ఆరింటికి చీకట్లో చూసే శక్తి ఉంది. నలుగురి బృందంలో ముగ్గురికి చీకటి అడ్డు కానప్పుడు ఆ ఆటలో చీకటి అనేదే ఉండదు. కాగడా ఎవరు పట్టుకోవాలన్న తర్జనభర్జన గానీ, నూనె అయిపోతోందన్న కంగారు గానీ ఉండవు.

2020లో ఒక అనుబంధ పుస్తకం, జాతిని బట్టి వచ్చే సామర్థ్యపు పాయింట్లను ఆటగాడు తనకు నచ్చిన చోట పెట్టుకోవచ్చని చెప్పింది. 2024 ఆటగాళ్ల పుస్తకం వాటిని జాతి నుంచి పూర్తిగా తప్పించి, పాత్ర పెరిగిన నేపథ్యానికి అప్పగించింది. పుట్టుకను బట్టి బలమూ తెలివీ నిర్ణయం కారాదన్న ఈ మార్పు నాకు పూర్తిగా సమ్మతం. కులం అడిగి మనిషిని అంచనా కట్టే చోట పెరిగిన మనకు దాని అవసరం ఎవరో వచ్చి వివరించనక్కర్లేదు. అయితే అంకెలతో తేడా చూపించే సులువైన దారి దీంతో మూసుకుపోయింది కాబట్టి, కొత్త జాతిని రాసేవారి మీద బరువు మునుపటికన్నా పెరిగింది.

ఆ బరువును బాగా మోసిన ఉదాహరణలు ఉన్నాయి. 2022లో అదే ఆటకు స్పెల్‌జామర్ అనే అంతరిక్ష ప్రపంచపు పుస్తకాల్లో ఆటగాళ్లకు అందిన ప్లాస్మాయిడ్ అనే జిగురుముద్ద జాతి ఒక్క అంగుళం సందులోంచి కూడా జారి వెళ్లగలదు, కానీ ఒంటి మీదా చేతిలోనూ ఏమీ ఉండకూడదు. ఆ ఒక్క షరతులోనే జాతి మొత్తం ఉందని నేనంటాను. కత్తిని, కవచాన్ని, తాళాలు తీసే పనిముట్లను వెనక వదిలి తలుపు అవతలికి ఒంటరిగా, నిరాయుధంగా వెళ్లాలా వద్దా అన్నది ఆ ఆటగాడు ప్రతిసారీ తేల్చుకోవాల్సిన ప్రశ్న. 1991లో డార్క్ సన్ ఎడారి ప్రపంచంలో ఆటగాళ్లకు అందిన థ్రి-క్రీన్‌లు గొల్లభామ వంటి కీటక జాతి. వాటికి నాలుగు చేతులున్నాయన్నదే అందరికీ గుర్తుంటుంది గానీ, అవి నిద్రపోవన్నదీ, తోటి ప్రయాణికులను తమ సొంత గుంపుగా లెక్కించి వారి కోసం ప్రాణం పెడతాయన్నదీ ఆ జాతికి అసలైన ఊపిరి. 1978 నాటి రూన్‌క్వెస్ట్ అనే మరో ఆట ప్రపంచంలోని ట్రోల్‌లను నేను వీటన్నిటికన్నా పైన పెడతాను. చీకటిని శబ్దంతో తడిమి చూసే ఇంద్రియం వాటికి ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఒక పాత శాపం వల్ల వాటి కాన్పుల్లో ఎక్కువ భాగం గిడసబారిన పిల్లలే పుడతారు. ప్రతి తల్లీ మోస్తున్న ఆ దుఃఖం ఎదుట నిలబడి ఆ జాతిని రాక్షసుల గుంపుగా కొట్టిపారేయడం ఎవరివల్లా కాదు.

మరీ అవతలి ఒడ్డుకు వెళ్లినా చిక్కే. 1977లో మొదలైన ట్రావెలర్ అనే అంతరిక్ష ఆటలో క్'క్రీ అనే శాకాహార జాతి ఉంది. అవి మందగా తప్ప బతకలేవు, ఇరుకు గదులను భరించలేవు, మాంసాహారులను అసహ్యించుకుంటాయి. ఊహగా అది గొప్పది. అయితే నలుగురు ఇరుకు ఓడలో కలిసి తిరిగే ఆటలో దాన్ని ఒక్క ఆటగాడి చేతిలో పెడితే, ప్రతి సన్నివేశమూ ఆ ఒక్కరి ఇబ్బంది చుట్టూనే తిరుగుతుంది. అందుకే పరాయితనం ఎంత ముఖ్యమో, పక్కవారితో కలిసి నడవగలగడమూ అంతే ముఖ్యం. తిండి, భయం, బాకీ, స్నేహం వంటివాటిలో కనీసం రెండింటినైనా ఆ జాతి మనుషులతో పంచుకోవాలి.

మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవారికి ఈ మాట సులువుగా అర్థమవుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ ఒక్కో రోజు ఒక్కో వేషం కడతారు. వేషం కట్టినవారికి ఆ రోజు మాటలో, నడతలో మామూలు రోజుల్లో లేని చొరవా, మామూలు రోజుల్లో లేని కట్టుబాటూ రెండూ వస్తాయి. ఆటలో జాతి చేయాల్సిన పని అదే.

ఇక్కడ మన మిత్రులు తరచూ ఇచ్చే సలహా ఒకటుంది: ఎల్ఫ్‌కు గంధర్వుడని, డ్వార్ఫ్‌కు యక్షుడని, సర్పజాతికి నాగులని పేరు పెడితే మన సొంత ప్రపంచం సిద్ధమైపోతుందట. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. గంధర్వులూ యక్షులూ మనకు పరాయివారు కారు. వారి గుణాలు, శాపాలు, వరాలు అమ్మమ్మల కథల్లో విని బల్ల దగ్గరికి వచ్చినవారమే అందరమూ, కాబట్టి ఆటగాడు కొత్తగా కనిపెట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. పైగా చెవులు కోసుగా ఉన్న విలుకాడికి గంధర్వుడి పేరు తగిలిస్తే ఆ పేరుకూ న్యాయం జరగదు, ఆ విలుకాడికీ జరగదు. మన నేల నుంచి తీసుకోదలచుకుంటే పేర్ల దగ్గర కాకుండా ఇక్కడి నీటి దగ్గర, రాళ్ల దగ్గర, జీవుల దగ్గర మొదలుపెట్టాలి.

నేను రాస్తున్న అడుసువారు అనే జాతి అలా పుట్టినదే. మన స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే కనిపిస్తుంది, ఆ ఇసుకలో చెలమ తవ్వితే నీరు ఊరుతుంది. అదే నది 2021 నవంబరు వానలకు ఉప్పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఇలా ఎండకూ వరదకూ మధ్య ఊగే నేల మీద బతికే తెలివిగల జీవి ఎలా ఉంటుంది? ఎండిన చెరువు మట్టిలో పూడుకుపోయి తొలి వానకు బయటికొచ్చే కప్పలు మనకు తెలుసు. ఆఫ్రికాలో ఊపిరితిత్తులున్న ఒక రకం చేప, నీరు ఇంకిపోతే బురదలో దూరి, తన ఒంటి జిగురుతోనే గూడు కట్టుకుని, తిండీ నీరూ లేకుండా ఏళ్ల తరబడి బతికి ఉండగలదు. అడుసువారు కూడా చెరువు ఎండితే దాని అడుగున పడుకుంటారు, చెరువు నిండితే లేస్తారు. ఆ నిద్ర ఒక్క వేసవే కావచ్చు, పన్నెండేళ్ల కరువూ కావచ్చు. ఎంతకాలం పడుకున్నామో వారికి తెలియదు, కాబట్టి వారు వయసును ఏళ్లతో కాకుండా ఎన్నిసార్లు లేచామన్నదానితో లెక్కిస్తారు. ఒకే మట్టిలో పక్కపక్కన పడుకున్నవారే వారికి తోబుట్టువులు. వచ్చే ఏడాది ఇస్తామని మాట ఇవ్వరు. వచ్చే నీటికి ఇస్తామంటారు.

ఇంతవరకు ఇది వర్ణనే. ఆటలోకి వచ్చేసరికి దీనికి నేను పెట్టిన మొదటి నియమం ఏమిటంటే, ఆటకు కూర్చున్న ప్రతి పూటా ఒక్కసారి ఆ ఆటగాడు "నేను పడుకోకముందు ఇక్కడ..." అని మొదలుపెట్టి ఆ చోటు గురించి ఒక నిజం చెప్పవచ్చు. అప్పట్లో అది నిజమేనని కథ నడిపే గేమ్ మాస్టర్ ఒప్పుకుని తీరాలి, ఆ తర్వాత ఏం మారిందో మాత్రం గేమ్ మాస్టరే నిర్ణయించాలి. ఈ కోట గోడకు పడమట ఒక దొడ్డిదారి ఉండేదని ఆటగాడు అంటే, ఆ దారి ఉండేది. ఇప్పుడు దాని మీద ఇల్లు కట్టుకుని ఎవరో కాపురం ఉంటున్నారు. పాత్రకు తెలిసిన ప్రపంచం పాతబడిపోయిందన్న సంగతి ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే అందరికీ తెలిసివస్తుంది. బాకీల విషయం ఇంకా రసవత్తరంగా ఉంటుంది. నిద్రలో గడిచిన కాలానికి వడ్డీ ఉండదన్నది అడుసువారి ధర్మం, ఆ ఊరి షావుకారుకు అలాంటి ధర్మమేదీ లేదు. ఈ ఒక్క తగాదా మీదే ఒక పూటంతా ఆడవచ్చు.

రెండో నియమం నీటిది. ఒక రోజంతా ఒళ్లు తడవకపోతే అడుసువాడి కదలిక మందగిస్తుంది, రెండో రోజు చేతులు వాటంతటవే నేలను తవ్వడం మొదలుపెడతాయి. యుద్ధంలో హిట్ పాయింట్లు, అంటే పాత్ర ఇంకెన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే అంకె, సున్నాకు చేరితే అతడు చావడు. ఒళ్లు దానంతటదే గట్టిపడి మూసుకుపోతుంది. అతణ్ని తిరిగి లేపాలంటే బృందం దగ్గర తాగడానికి ఉన్న నీటిలోంచి నిండు కుండెడు పోయాలి, లేదా చెరువు దొరికేదాకా ఆ బరువును మోసుకుపోవాలి. కఠినమైన నిర్ణయం ఇక్కడ తోటి ఆటగాళ్ల మీద పడుతుంది, పాత్ర పరాయితనం ఆ బల్ల దగ్గర అందరి సమస్యా అవుతుంది. ఆటకు ఎవరైనా రాలేకపోయిన ఆదివారం వారి పాత్రను ఏం చేయాలన్నది ప్రతి బృందానికీ ఉన్న తలనొప్పి. అడుసువాడైతే బండిలో తడిమట్టి గంపలో పడుకునే ఉంటాడు, మరుసటి వారం లేచినప్పుడు ఏం జరిగిందో అతనికి నిజంగానే తెలియదు, ఆ ఆటగాడికీ తెలియదు.

వన్నెలవారు అనే ఇంకో జాతి ఇంకా చిత్తుగానే ఉంది. కటిల్‌ఫిష్ అనే, ఆక్టోపస్‌కు దగ్గరి సముద్రజీవి తన చర్మం మీద క్షణంలో రంగులు మార్చగలదు గానీ, దాని కంట్లో కాంతిని పట్టే కణాలు ఒకే రకానివి కావడంతో అది రంగులను మనలా చూడలేదు. మనసులోని భావం తన ఒంటి మీద అందరికీ కనబడుతూ, తనకు మాత్రం కనబడకపోతే ఎలా ఉంటుందన్నది ఈ జాతికి మూలం. గేమ్ మాస్టర్ ఇచ్చిన రంగు చీటీని ఆటగాడు చూడకుండా నుదుటికి ఆనించుకుని మాట్లాడాలి. ఎదుటివారి ముఖాలను బట్టి తన మనసును తాను తెలుసుకోవాలి.

శేషాచలం కొండల్లోని బంగారు బల్లులు గుంపుగా ఒకే బండ సందులో గుడ్లు అంటించి పెడతాయి. ఆ పద్ధతి నుంచి, ఏ గుడ్డు ఎవరిదో తెలియని, అమ్మానాన్నలు లేని, బండను బట్టి మాత్రమే బంధుత్వం కలుపుకునే జాతిని రాయవచ్చు. అలాంటివారికి అన్న, అక్క తప్ప వేరే వరసలు ఉండవు. మామ, అత్త, అయ్య అన్న పిలుపులు తెలియవు కాబట్టి రాజునూ మూటలు మోసేవాణ్నీ ఒకేలా "నువ్వు" అంటారు. మన వైపు బల్ల దగ్గర ఆ ఒక్క పలకరింపు ఎంత కలకలం రేపుతుందో ఊహించండి.

జాతిలో అందరూ ఒకే మనసుతో ఆలోచిస్తారనే ఊహను దయచేసి పక్కన పెట్టండి. కొత్తగా రాసే ప్రతి ఒక్కరికీ మొదట తట్టేది అదే, కానీ సొంతంగా తప్పు చేసే వీలు లేని పాత్రతో ఆటగాడికి పనేమీ ఉండదు. అలాగే జాతి అంతా యోధులే, జాతి అంతా వ్యాపారులే అన్న రాతలు కూడా నాకు నచ్చవు. అడుసువారిలో నిద్రకు భయపడి నీటి ఊళ్లకు పారిపోయినవారు ఉండాలి, కరువు కోసం ఎదురుచూసే బద్ధకస్తులూ ఉండాలి.

మీరు రాసిన జాతిని పరీక్షించదలచుకుంటే యుద్ధంతో మొదలుపెట్టకండి. యుద్ధంలో ఏ జాతైనా పాచికల మీదే నడుస్తుంది. పొట్టేలు బేరం, ఒక చావు ఇంటి పరామర్శ, ఏరు దాటడానికి పడవవాడితో మాట్లాడటం వంటి మామూలు సన్నివేశం ఒకటి ఆడించండి, రూపవర్ణన పేజీని ఆ పూటకు చదవకండి. అవతల కూర్చున్నవారికి ఆ పాత్ర మనిషి కాదని దాని ప్రవర్తన వల్లే తెలిసిందా లేదా అన్నదే చూడండి.

అడుసువారిని మీ బృందంలో ఆడించదలచినవారికి ఒక మనవి. నీటి లెక్కను విసుగనుకుని వదిలేయకండి. మేము గుప్పెడు చింతగింజలు తెచ్చి బల్ల మధ్యలో పోస్తాం. ఒక్కో గింజ ఒక మనిషికి ఒక రోజు నీరు, అడుసువాడికి రోజుకు రెండు గింజలు కావాలి. ఎవరు తాగినా గింజను వారే తీసి పక్కన పెట్టాలి. పన్నెండేళ్ల నిద్ర తర్వాత లేచినవాడికి దోచుకున్న సొమ్ములో వాటా ఎలా కట్టాలన్నది మా దగ్గర ఇంకా తేలలేదు. నిద్రపోయినవాడికీ సమాన వాటా ఉండాలన్నది నా వాదన, మెలకువగా ఉండి మోసినవారికే ఎక్కువ చెందాలన్నది మిగతావారి వాదన. మీరైతే ఏ నియమం పెడతారో రాయండి.