'గాలి నిరోధాన్ని విస్మరించండి' గారికి విన్నపం

ఫిజిక్స్ లెక్కల చివర కనబడే మహారాజశ్రీ 'గాలి నిరోధాన్ని విస్మరించండి' గారి సముఖానికి, నల్లగొండలో ట్యూషన్ చెప్పుకుని బతికే ఒక ఫిజిక్స్ మాస్టారు నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మే నెల, కరెంటు పోయింది. నిన్న చెమట తుడుచుకుంటూ బోర్డు మీద తమరి పేరు రాస్తే, వెనక బెంచీ కుర్రాడు "విస్మరించడానికి గాలి ఎక్కడుంది సార్?" అన్నాడు. తిట్టాను. తమరి పరువు కాపాడడానికే.

తమరి సొంత ఊరు గాలే లేని చంద్రుడని మాకు తెలుసు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ అక్కడ సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలకు చేరాయి. మా దగ్గర తాటిచెట్టు ఉంది. ఇరవై మీటర్ల పైనుంచి పండు రాలితే, ఎత్తు వల్ల ఉన్న స్థితిజ శక్తి అంతా కదలిక వల్ల ఉండే గతిజ శక్తి అవుతుంది, రెండు వైపులా ద్రవ్యరాశి కొట్టేయగా వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు. బరువైన పండు కాబట్టి తమరి మాట ఇంచుమించు నిలబడుతుంది. అదే చెట్టు ఎండుటాకు మాత్రం ఊగుతూ, ఆలోచించుకుంటూ దిగుతుంది. దానికి ద్రవ్యరాశి కొట్టేసిన సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు.

అసలు ఫిర్యాదు చినుకు గురించి. వారం పరీక్షలో కిలోమీటరు ఎత్తునుంచి చినుకును వదిలాను. వేగం వర్గం అంటే రెండు ఇంటూ గురుత్వ త్వరణం 9.8 ఇంటూ ఎత్తు వెయ్యి, అంటే 19,600. వర్గమూలం 140, చుక్క తేడా లేదు. ఇంత అందంగా తెగే లెక్క కనబడితే ఏ మాస్టారు వదులుతాడు? సెకనుకు 140 మీటర్లంటే గంటకు 504 కిలోమీటర్లు. ఒకమ్మాయి జవాబు రాసి, కింద "గొడుగు చాలదు సార్" అని చేర్చింది.

నిజానికి పెద్ద చినుకు కూడా సెకనుకు తొమ్మిది మీటర్ల దగ్గర ఆగిపోతుంది. పైనుంచి తెచ్చుకున్న శక్తిలో నూటికి 99 పాళ్లకు పైగా దారిలో గాలికి ధారపోసి, కాస్త వేడి పుట్టించి, ఉత్త చేతులతో దిగుతుంది. శక్తి నిత్యత్వ నియమం ఎక్కడా తప్పలేదు. ఖాతాలో అంత పెద్ద పద్దును చెరిపేసి లెక్క సరిపోయిందన్నది తమరు.

అయినా తమరు వెళ్లిపోతే నా గతి ఏమిటి? గాలిని లెక్కలోకి తెస్తే సమాకలనాలు, అంటే ఇంటిగ్రేషన్ లెక్కలు, వస్తాయి, సమాకలనాలు వస్తే తొమ్మిదో తరగతి పిల్లలు రారు, పిల్లలు రాకపోతే గది అద్దె రాదు. కాబట్టి ఉండండి. 'ఈ లెక్క వరకు' అన్న మాటను మాత్రం ముందు తగిలించుకోండి.

ఇది రాస్తుండగానే ఈదురుగాలి లేచింది. తమరు విస్మరించమన్న గాలే జవాబు పత్రాలను గదంతా ఎగరేసింది. ఆ అమ్మాయి పేపరును కిటికీ దగ్గర పట్టుకునేసరికి దాని మీద ఒక లావు చినుకు పడింది. 140 దగ్గర సిరా కొంచెం అలికింది. కాగితం చిరగలేదు. వేసిన నాలుగు మార్కులూ అలాగే ఉంచాను.

ఇట్లు,
తమరి జీతగాడు